బందిపోటుకు గ్లాస్ కవచం ఎక్కడిది? ఆబ్లివియన్‌లో లెవెల్ పెరిగేకొద్దీ పోరు ఎందుకు బరువెక్కుతుంది

సంక్షిప్తంగా: 2006లో వచ్చిన ‘ది ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్’ వీడియో గేమ్‌లో శత్రువుల బలం ఆటగాడి లెవెల్‌ను (ఎదుగుదల మెట్టును) బట్టి మారుతుంది. ఆ లెవెల్ పెరిగిన ప్రతిసారీ ఆటగాడి పోరాట బలం పెరగాలన్న నియమం మాత్రం లేదు. ఈ రెంటి మధ్య ఏర్పడే ఎడమే ‘శత్రువులు మరీ ముదిరిపోయారు’ అన్న ఇబ్బందికి మూలం. అలసట, ఆయుధం అరుగుదల వంటి చిన్న కారణాలు కొన్నిసార్లు దెబ్బను నాలుగో వంతుకు దించేస్తాయి. అవి సరిగా ఉన్నా పోరు సాగకపోతే విషాలు, బలహీనత మంత్రాలు, ఆవాహన చేసిన జీవులు దారి చూపుతాయి. కష్టస్థాయిని తగ్గించుకోవడం కూడా ఆటలో భాగంగా ఇచ్చిన పరిష్కారమే.

రెండు లెక్కలు, ఒకటే పేరు

ఆట మొదట్లో రోడ్డు పక్కన ఎదురయ్యేది ఎలుక, తోడేలు, తోలు చొక్కా వేసుకున్న బందిపోటు. పది లెవెళ్లు గడిచాక అదే రోడ్డు మీద ఎలుగుబంట్లు, మినోటార్లు తగులుతాయి. లెవెల్ 20 దాటేసరికి దారి కాచే దొంగ ఒంటి మీద గ్లాస్ కవచం ఉంటుంది. మరాడర్ ముఠావాడు డేడ్రిక్ కవచంలో తిరుగుతుంటాడు. అంత ఖరీదైన సరుకు వేసుకున్నవాడు బాటసారిని ఆపి వంద నాణేలు అడగడం ఆ ఆట విమర్శకులకు ఏళ్ల తరబడి నవ్వులాటగా మారింది.

దీని వెనక రెండు యంత్రాంగాలు పనిచేస్తాయి. మొదటిది జాబితా. ఒక్కో చోట ఏ జీవి పుట్టాలో ముందే రాసి ఉండదు. ఆటగాడి లెవెల్ చూసి జాబితాలోంచి తగినదాన్ని ఆట ఎంచుకుంటుంది. రెండోది కొలత. జాబితా చివరికి వచ్చాక ఇక ముదురు జీవి లేదు కాబట్టి, ఉన్నదాన్నే పెంచుతుంది. గాబ్లిన్ వార్‌లార్డ్, ఓగ్రె, మినోటార్ లార్డ్ లాంటివాటి హెల్త్ (ప్రాణబలం) ఆటగాడి లెవెల్‌తో పాటు పెరుగుతూనే పోతుంది.

ఆటగాడి వైపు చూస్తే కథ వేరు. స్కిల్ (నైపుణ్యం) 100 దగ్గర ఆగుతుంది. స్ట్రెంగ్త్ వంటి గుణమూ మామూలుగా 100తో సరి. డేడ్రిక్‌ను మించిన మామూలు కత్తి దొరకదు. కవచం ఎంత మంచిదైనా దెబ్బలో 85 శాతం కన్నా ఎక్కువ ఆపలేదు. అంటే ఒక పక్క పైకప్పు ఉంది, రెండో పక్క లేదు. కత్తి దెబ్బ 30 దగ్గర స్థిరపడిందనీ, శత్రువు హెల్త్ లెవెల్‌కు 20 చొప్పున పెరుగుతోందనీ అనుకుందాం. లెవెల్ 10లో 200 హెల్త్‌ను దించడానికి ఏడు దెబ్బలు చాలు. లెవెల్ 30లో 600 కావాలి, అంటే ఇరవై దెబ్బలు. ఈ ఇరవై దెబ్బలు వేసేలోగా అవతలివాడూ ఊరుకోడు, ఆటగాడి అలసట పెరుగుతుంది, కత్తి అరుగుతుంది. కష్టం మూడింతలు కావడంతో ఆగదన్నమాట.

లెవెల్ ఎక్కడ దారి తప్పుతుంది

ఈ ఆటలో మొత్తం 21 స్కిల్స్. అందులో ఏడింటిని ఆటగాడు మేజర్ స్కిల్స్‌గా ఎంచుకుంటాడు. ఈ ఏడింటిలో ఏవైనా కలిపి పది మెట్లు పెరిగితే, తర్వాత మంచమెక్కి నిద్రపోతే లెవెల్ పెరుగుతుంది. ఆ పది మెట్లు ఎక్కడినుంచి వచ్చాయో ఆట అడగదు. గెంతుతూ నడిస్తే అక్రోబాటిక్స్, పరిగెడితే అథ్లెటిక్స్, అంగట్లో బేరమాడితే మెర్కంటైల్, ఊరివాళ్లను మాటలతో మెప్పిస్తే స్పీచ్‌క్రాఫ్ట్ పెరుగుతాయి. ఇవన్నీ మేజర్‌లో పెట్టుకున్నవాడు కత్తి దుయ్యకుండానే నాలుగైదు లెవెళ్లు ఎక్కేయగలడు. ప్రపంచం మాత్రం అతన్ని యోధుడిగానే లెక్కగట్టి తగిన శత్రువులను పంపుతుంది. కత్తి స్కిల్ 30 దగ్గరే ఉన్నవాడి ముందుకు మినోటార్ వస్తుంది.

దెబ్బ బలాన్ని లెక్కగట్టే సూత్రాన్ని చూస్తే ఈ పొరపాటు ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. స్కిల్ 25 నుంచి 100కు చేరితే దెబ్బ దాదాపు మూడు రెట్లవుతుంది. స్ట్రెంగ్త్ 50 నుంచి 100కు పెరిగితే వచ్చే లాభం నాలుగో వంతు మాత్రమే. చాలామంది స్ట్రెంగ్త్ వెంట పడతారు, కత్తి స్కిల్‌ను దాని మానాన వదిలేస్తారు. అసలు బలం ఆ స్కిల్‌లోనే ఉంది.

లెవెల్ పెరిగినప్పుడు మూడు గుణాలను ఎంచుకుని పెంచుకోవచ్చు. ఒక్కోటి ఎంత పెరుగుతుందన్నది ఆ గుణం కిందికి వచ్చే స్కిల్స్ ఆ లెవెల్‌లో ఎన్ని మెట్లు ఎక్కాయన్న దానిమీద ఆధారపడుతుంది. ఒక్కటీ పెరగకపోతే 1 పాయింటు, ఒకటి నుంచి నాలుగు మెట్లకు 2, ఐదు నుంచి ఏడుకు 3, ఎనిమిది తొమ్మిదికి 4, పది నిండితే 5. చిక్కంతా ఇక్కడుంది: మూడు గుణాలకూ అయిదేసి పాయింట్లు రావాలంటే ముప్పై మెట్లు ఎక్కాలి, లెవెల్ మాత్రం పది మేజర్ మెట్లకే వచ్చేస్తుంది. మిగిలిన ఇరవై మేజర్‌లో లేని స్కిల్స్ నుంచి రావాల్సిందే. ఇష్టమైన స్కిల్స్ అన్నీ మేజర్‌లో పెట్టుకోవడం సహజంగా తోచే పని. కానీ ఈ లెక్కలో అదే నష్టం తెస్తుంది.

ఎండ్యూరెన్స్ (ఓర్పు) అనే గుణం సంగతి మరీ కఠినం. ప్రతి లెవెల్‌కూ అప్పటి ఎండ్యూరెన్స్‌లో పదో వంతు హెల్త్‌గా కలుస్తుంది. ఎండ్యూరెన్స్ తర్వాత పెరిగినా, దాటిపోయిన లెవెళ్ల వాటా వెనక్కి రాదు. 40 దగ్గరే వదిలేసినవాడికి లెవెల్ 20 నాటికి ఈ పద్దు కింద వచ్చేది 76. మొదటినుంచీ లెవెల్‌కు అయిదు చొప్పున పెంచుకుంటూ 100కు చేర్చినవాడికి అదే పద్దులో 150 పైచిలుకు వస్తుంది. ఇద్దరి ముందుకూ వచ్చే ఓగ్రె ఒకటే.

ముందు చూడాల్సిన చిన్న కారణాలు

ప్రతి ఓటమికీ లెవెల్ లెక్కే కారణం కాదు. పోరు ఉన్నట్టుండి బరువెక్కితే ముందుగా ఆకుపచ్చ పట్టీ వైపు చూడాలి. అది ఫటీగ్, అంటే మిగిలిన సత్తువ. పట్టీ పూర్తిగా ఖాళీ అయితే దెబ్బ బలం సగానికి పడిపోతుంది. ఆయుధం అరుగుదలకూ ఇదే లెక్క, దాదాపు పూర్తిగా అరిగిన కత్తి సగం దెబ్బే వేస్తుంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి. గుహ మొత్తం గెంతుతూ వచ్చి, ఆయాసంతో, మొద్దుబారిన కత్తితో చివరి గదిలో నాయకుడిని ఎదుర్కొనేవాడు నాలుగో వంతు బలంతో పోరాడుతున్నాడు. శత్రువు ముదిరాడని అతనికి తోచడంలో వింత లేదు.

దీనికి మందు తేలికే. గుహలోకి వెళ్లేముందు పది పదిహేను రిపేర్ హ్యామర్లు సంచిలో వేసుకోవాలి. అవి వాడుతుంటే విరిగిపోతాయి కాబట్టి రెండు మూడు సరిపోవు. ఆర్మరర్ స్కిల్ 50 దాటితే మంత్రశక్తి ఎక్కించిన ఆయుధాలను కూడా స్వయంగా బాగుచేసుకోవచ్చు. 75 దాటితే ఆయుధాన్ని 125 శాతం వరకు సానబెట్టొచ్చు. చివరి గది తలుపు ముందు కాసేపు ఆగి ఆకుపచ్చ పట్టీ నిండనివ్వాలి, లేదా ఫటీగ్ నింపే పానీయం తాగాలి.

ఇంకొకటి. ఎంత కొట్టినా హెల్త్ పట్టీ కదలని శత్రువు ఎదురైతే అది ముదరడం కాదు, ఆయుధం రకం కలవకపోవడం. దయ్యాలకు, విల్-ఓ-ది-విస్ప్‌కు మామూలు ఇనుప, ఉక్కు ఆయుధాలు అసలు తగలవు. వెండి, డేడ్రిక్, లేదా మంత్రశక్తి ఉన్న ఆయుధం కావాలి. ఒక వెండి బాకు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవడం మంచిది. అలాగే ఫ్లేమ్ అట్రోనాక్ అనే నిప్పు జీవి మీద నిప్పు మంత్రం వేయడం మాజికా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) దండగ.

లెవెల్‌తో పని లేని బలం

కత్తి దెబ్బకు పైకప్పు ఉందని పైన చూశాం. ఆ పైకప్పును తప్పించుకునే దారులను ఆట తనే ఇచ్చింది. అన్నింటిలో చవకైనది విషం. ఆబ్లివియన్ అనే రాక్షసలోకానికి తెరుచుకునే ద్వారాల లోపల దొరికే హరాడా వేరు, స్పిడల్ కాడ రెంటిలోనూ మొదటి గుణం హెల్త్‌ను దెబ్బతీయడమే. ఆల్కెమీలో (మందులు, విషాలు నూరే స్కిల్‌లో) మొదటి మెట్టు మీద ఉన్నవాడికి కూడా మొదటి గుణం కనిపిస్తుంది కాబట్టి, ఈ రెండూ నూరితే విషం తయారు. రెంటిలోనూ రెండో గుణం మాజికాను దెబ్బతీయడం. స్కిల్ 25 దాటాక అదీ తోడై, ఆ సీసా మాంత్రికుల మీద ఇంకా బాగా పనిచేస్తుంది. ఒక పూత ఒక్క దెబ్బకే సరిపోతుంది. అందుకే విల్లుతో వాడేవాళ్లు శత్రువు దగ్గరికి వచ్చేలోగా బాణానికో పూత చొప్పున నాలుగైదు వేసేస్తారు. విషం పారని జీవులూ ఉన్నాయి. రెండు పూతలకూ హెల్త్ తగ్గకపోతే మూడో సీసా వృథా చేయకూడదు.

మంత్రాల వైపు వెళ్తే లెక్క ఇంకా మారుతుంది. ఏడు పట్టణాల మేజెస్ గిల్డ్ (మాంత్రికుల సంఘం) శాఖల సిఫారసులు సంపాదించి ఆర్కేన్ యూనివర్సిటీలో అడుగుపెట్టినవాడు సొంతంగా మంత్రాలు అల్లుకోవచ్చు. మొదటి మంత్రంలో మంత్రశక్తికి 100 శాతం బలహీనత, నిప్పుకు 100 శాతం బలహీనత, రెండూ పది సెకన్ల పాటు ఉండేలా పెట్టాలి. రెండో మంత్రం 50 పాయింట్ల నిప్పు. మొదటిది తగిలాక రెండోది వేస్తే ఒక బలహీనత దాన్ని 100 చేస్తుంది, రెండోది 200 చేస్తుంది. యాభైకి ఖర్చు పెట్టిన మాజికాతో రెండు వందల దెబ్బ. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు మూడింటినీ ఒకే మంత్రంలో కలిపేయడం. ఒకే మంత్రంలోని బలహీనత అదే మంత్రంలోని నిప్పుకు వర్తించదు, ఆ తర్వాత తగిలేదానికే వర్తిస్తుంది. విడివిడిగా అల్లుకోవడమే కీలకం. పది సెకన్లు ఎందుకంటే, తడబడినా రెండో మంత్రం వేసే వ్యవధి మిగలాలి.

ఈ పద్ధతిని ఇంకా సాగదీయొచ్చు. పేరు వేరుగా ఉన్న రెండు బలహీనత మంత్రాలను ఒకదాని వెనక ఒకటి వేస్తే రెండోది మొదటిదాని వల్ల రెట్టింపవుతుంది. అదే మంత్రాన్ని మళ్లీ వేస్తే మాత్రం పాతది పోయి కొత్తది వస్తుంది, కూడిక జరగదు. మాజికా పుష్కలంగా ఉన్నవాడికి ఇక శత్రువు హెల్త్ ఎంతున్నా లెక్కలోకి రాదు.

కాంజ్యురేషన్ (జీవులను ఆవాహన చేసే) స్కిల్ ఉన్నవాడికి మరో దారి. ఆవాహన చేసిన జీవి శత్రువు దృష్టిని మళ్లిస్తుంది, ఆ వ్యవధిలో విల్లు పనిచేస్తుంది. ఒకసారికి ఒక్క జీవినే పిలవగలం. అయినా దీని విలువ కష్టస్థాయి పెంచుకున్నవాళ్లకే బాగా తెలుస్తుంది. కారణం కింద చూడొచ్చు.

అయిదు రాళ్ల కిటుకూ ప్రసిద్ధమే. లెవెల్ 17 నుంచి ఆబ్లివియన్ ద్వారాలు మూసినప్పుడు దొరికే ట్రాన్సెండెంట్ సిజిల్ రాళ్లలో కొన్ని 20 శాతం కమేలియన్ (కనబడకుండా చేసే) గుణాన్ని ఇస్తాయి. అలాంటివి అయిదు కవచం ముక్కలకు ఎక్కిస్తే నూరు శాతం నిండుతుంది. ఆపైన ఎదురుగా నిలబడి కొట్టినా శత్రువుకు ఆటగాడు కనబడడు. పరిష్కారంగా ఇది తిరుగులేనిది. ఆటగా మాత్రం అక్కడితో అయిపోయినట్టే.

కష్టస్థాయి స్లయిడర్ లెక్క

సెట్టింగ్స్‌లో ఉన్న కష్టస్థాయి పట్టీ నడిమధ్యన ఉన్నప్పుడు ఇరువైపుల దెబ్బలూ ఉన్నవి ఉన్నట్టే పడతాయి. పూర్తిగా కుడికి జరిపితే ఆటగాడి దెబ్బ ఆరో వంతుకు పడిపోతుంది, శత్రువు దెబ్బ ఆరు రెట్లవుతుంది. రెండు చివరల మధ్య ఇంత దూరం ఉంది కాబట్టి కొంచెం జరిపినా తేడా గట్టిగానే తెలుస్తుంది. మధ్యనుంచి ఎడమకు చిన్న చిన్న జరుపులతో వెళ్తూ, ఒకే రకం శత్రువు ఎన్ని దెబ్బలకు పడుతున్నాడో చూసుకోవడం ఒక్కసారిగా చివరికి లాగేయడం కన్నా మేలు.

ఈ గుణకాలు ఆటగాడి దెబ్బలకు, ఆటగాడి మీద పడే దెబ్బలకే వర్తిస్తాయి. ఆవాహన చేసిన జీవికీ శత్రువుకీ మధ్య జరిగే పోరును అవి తాకవు. పట్టీ కుడి చివర ఉన్నప్పుడు సొంత కత్తి ఆరో వంతు పనిచేస్తుంది, పిలిచిన డేడ్రా (రాక్షసలోకపు జీవి) మాత్రం నిండు బలంతో కొడుతుంది. అందుకే అక్కడ ఆడేవాళ్లలో కాంజ్యురేషన్‌కు అంత గిరాకీ.

స్లయిడర్ ముట్టుకోవడాన్ని చిన్నతనంగా చూసేవాళ్లున్నారు. లెక్క ప్రకారం చూస్తే అందులో పస లేదు. శత్రువు హెల్త్‌ను లెవెల్‌తో గుణించేది ఆటే, ఆ గుణకాన్ని సరిచేసుకునే మీట ఇచ్చిందీ ఆటే.

కొత్తగా మొదలుపెట్టేవారికి

మొదటినుంచీ ఆడబోయేవారు ఏడు మేజర్ స్కిల్స్ ఎంపిక దగ్గరే సగం సమస్య తీర్చుకోవచ్చు. పోరాటానికి తప్పక వాడే రెండు మూడు స్కిల్స్ మేజర్‌లో ఉంటే లెవెల్‌తో పాటు దెబ్బ కూడా పెరుగుతుంది. మిగిలిన చోట్లలో కావాలనుకున్నప్పుడు మాత్రమే పెరిగేవి పెట్టుకోవాలి. అథ్లెటిక్స్, అక్రోబాటిక్స్ మేజర్‌లో ఉండకపోవడమే క్షేమం, నడకే లెవెల్‌గా మారిపోతుంది. ఎండ్యూరెన్స్ కిందికి వచ్చే ఆర్మరర్, బ్లాక్, హెవీ ఆర్మర్‌లలో కనీసం రెండు మేజర్ బయట ఉంటే, లెవెల్‌ను ముందుకు నెట్టకుండానే పది మెట్లు ఎక్కి అయిదు పాయింట్లు రాబట్టుకోవచ్చు. డబ్బున్నవాడు శిక్షకుల దగ్గర లెవెల్‌కు అయిదు మెట్లు కొనుక్కోవచ్చు. అంతకు మించి ఆట ఒప్పుకోదు.

నిద్ర కూడా ఒక మీటే. పడుకోనంత కాలం లెవెల్ పెరగదు, స్కిల్స్ పెరుగుతూనే ఉంటాయి. ప్రధాన కథను చాలా తక్కువ లెవెల్‌లోనే ముగించే ఆటగాళ్లు ఈ ఒక్క నియమం మీదే నడుస్తారు. దీనికి వెల ఉంది. సిజిల్ రాళ్లు, చాలా బహుమతుల నాణ్యత కూడా లెవెల్‌ను బట్టే నిర్ణయమవుతాయి, చేతికి వచ్చాక అవి మళ్లీ మెరుగుపడవు. డేడ్రిక్ దేవతల పనుల్లో చాలావాటికి కనీస లెవెల్ కావాలి.

ప్రధాన కథ మొదట్లో వచ్చే క్వాచ్ నగర ముట్టడిని మాత్రం వీలైనంత త్వరగా ముగించడం మంచిది. తొలి లెవెళ్లలో అక్కడ ఎదురయ్యేవి స్కాంప్‌లు, చిన్నపాటి క్లాన్‌ఫియర్లు. ఆలస్యం చేసినవాడికి డేడ్రాత్‌లు, స్పైడర్ డేడ్రాలు తగులుతాయి. పక్కన పోరాడే సైనికులు వాటి ముందు నిలవలేరు, వాళ్లను కాపాడే భారమూ ఆటగాడి మీదే పడుతుంది.

పీసీ మీద పాత ఆట ఆడేవారికి మాడ్‌ల (అభిమానులు ఆటకు చేసిన మార్పుల) దారి కూడా ఉంది. ‘ఆస్కురోస్ ఆబ్లివియన్ ఓవర్‌హాల్’ లాంటివి శత్రువుల బలాన్ని ఆటగాడి నుంచి విడదీసి ప్రాంతాలకు కట్టేస్తాయి. అప్పుడు బలం చాలని చోటినుంచి వెనక్కి తిరిగి, ఎదిగాక మళ్లీ రావడం సాధ్యమవుతుంది.

మిగతా ఆటలు ఏం చేశాయి

ఇదే చిక్కు 1999లోనే ‘ఫైనల్ ఫాంటసీ 8’లో ఉంది. అక్కడ శత్రువులు ఆటగాడి బృందం సగటు లెవెల్‌ను అనుసరిస్తారు, కానీ అసలు బలం లెవెల్ నుంచి కాక జంక్షన్ పద్ధతిలో మంత్రాలను గుణాలకు తగిలించడం నుంచి వస్తుంది. తెలిసినవాళ్లు శత్రువులను చంపకుండా కార్డులుగా మార్చేస్తారు. అలా చేస్తే ఎక్స్‌పీరియన్స్ రాదు, సామర్థ్యాలు నేర్చుకునే పాయింట్లు మాత్రం వస్తాయి. లెవెల్ కింద, బలం పైన. ఆబ్లివియన్‌లో నిద్ర మానేసేవాడు చేసేది కూడా ఇదే.

ఆబ్లివియన్ తయారీ సంస్థ బెథెస్డానే 2011లో తెచ్చిన ‘స్కైరిమ్’ మధ్యేమార్గం పట్టింది. అక్కడ చాలా గుహలకు, కోటలకు ఒక కనీస లెవెల్ ఉంటుంది, మొదటిసారి అడుగుపెట్టినప్పుడు ఆ చోటి బలం ఖాయమైపోతుంది. చేతకాక వెనుదిరిగినవాడు పది లెవెళ్లు ఎక్కి వస్తే పాత శత్రువులే కనిపిస్తారు. అయినా పాత ఉచ్చు పూర్తిగా పోలేదు. ఊళ్లోనే కూర్చుని ఇనుప బాకులు చేస్తూ స్మిథింగ్ పెంచుకున్నవాడికి లెవెల్ ఎక్కుతుంది, బయటి శత్రువులూ ఎదుగుతారు. తేడా ఏమిటంటే, ఆ స్మిథింగ్‌తోనే మంచి కవచం చేసుకుని 80 శాతం రక్షణ పరిమితిని అందుకునే వీలు అక్కడ ఉంది. స్పీచ్ పెంచుకున్నవాడికి ఆ ఊరట లేదు.

2022 నాటి ‘ఎల్డెన్ రింగ్’ పూర్తిగా అటు చివర నిలుస్తుంది. శత్రువుల బలం ప్రాంతాన్ని బట్టి ముందే నిర్ణయమై ఉంటుంది, ఆటగాడి లెవెల్‌తో దానికి సంబంధం లేదు. అక్కడ ‘మరీ బలమైన శత్రువు’కు మందు వేరే దిక్కుకు వెళ్లి, ఆయుధం మెరుగుపరచుకుని తిరిగి రావడం. ఆబ్లివియన్‌లో ఈ సలహా పాటిస్తే ఫలితం తలకిందులవుతుంది.

2025 రీమాస్టర్‌లో మారినది, మారనిది

2025 ఏప్రిల్ 22న విడుదలైన ఆబ్లివియన్ రీమాస్టర్ (అదే ఆటకు కొత్త రూపం) గుణాల పద్దును సరళం చేసింది. ఇప్పుడు ప్రతి లెవెల్‌కూ 12 పాయింట్లు చేతికిస్తారు. వాటిని మూడు గుణాల వరకు పంచుకోవచ్చు, ఒక్కోదానికి అయిదుకు మించకుండా. లక్‌లో ఒక మెట్టుకు నాలుగు పాయింట్లు ఖర్చవుతాయి. ఏ స్కిల్ ఎన్ని మెట్లు ఎక్కిందో కాగితం మీద రాసుకునే పని దీంతో తప్పింది. ఎండ్యూరెన్స్‌ను మొదటి లెవెళ్లలోనే వరుసగా అయిదేసి పెంచుకోవడానికి ఇప్పుడు ఏ అడ్డూ లేదు.

శత్రువులు లెవెల్‌తో పాటు ఎదగడం మాత్రం అలాగే ఉంది. పైగా మేజర్ కాని స్కిల్స్ కూడా ఇప్పుడు లెవెల్‌కు తోడ్పడతాయి. కాబట్టి గెంతులను, బేరాలను మేజర్ బయట పెట్టి లెవెల్‌ను అదుపులో ఉంచుకునే పాత ఉపాయం ఇక్కడ అంతగా పారదు. పాత ఆట అలవాటుతో రీమాస్టర్ మొదలుపెట్టినవారు ముందుగా మార్చుకోవాల్సిన లెక్క ఇదే: ఏ స్కిల్ మేజర్‌లో లేదన్న దానికన్నా, పోరాట స్కిల్ మిగతావాటికన్నా ముందుందా లేదా అన్నది ప్రతి నిద్రకు ముందూ చూసుకోవాలి.